తప్పు బొమ్మ బ్యాడ్జీ కోసం పద్మనాభం దాకా

మా పారాయణ మండలి ఆడవాళ్లంతా ఈ కార్తీకంలో కాశీకి టికెట్లు తీసుకుంటే, నేను సామర్లకోట స్టేషన్లో విశాఖపట్నానికి ఒక్క టికెట్టు తీసుకున్నాను. సింహాచలం వెళ్తున్నానని వాళ్లకు చెప్పాను. అది సగమే నిజం. మిగతా సగం ఒక సినిమా బ్యాడ్జీ. ఆ మాట చెబితే నవ్వుతారు. నవ్వితే నాకేం పట్టదు గానీ, నవ్వాక కారణం అడుగుతారు. అప్పుడు చెప్పే ఓపిక లేదు. ఇప్పుడు చెబుతున్నాను.

సినిమా బ్యాడ్జీ అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్ద రేకు బిళ్ల. దానిమీద అచ్చువేసిన కాగితం బొమ్మ, బొమ్మమీద పల్చటి ప్లాస్టిక్ పొర, వెనక పిన్నీసు. సినిమా విడుదలైన రోజున అభిమాన సంఘం వాళ్లు వీటిని చొక్కాలకు పెట్టుకుని హాలు ముందు తిరిగేవారు. వందరోజులు ఆడితే మళ్లీ కొత్త బ్యాడ్జీ. నేను వాటిలో పౌరాణికాలవే పోగుచేస్తాను. రాముడు, కృష్ణుడు, నరసింహస్వామి, ఆంజనేయుడు, అందరూ దూది పరిచిన ఒక స్టీలు డబ్బాలో ఉంటారు. మొదట్లో నాకే భయం వేసి, ఇది తప్పా అని మా మండలి పెద్దాయన్ని అడిగాను. ఆయన డబ్బా తెరిచి చాలాసేపు చూశారు. "రూపం స్వామిది, మొహం నటుడిది. దండం దేనికి పెడుతున్నావో నీకు తెలిస్తే చాలు" అన్నారు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్లు గడిపాను.

అసలు ఇవి పోగుచేయడం మా నాన్నగారి వల్ల మొదలైంది. ఆయనది కోనసీమ. ఉద్యోగం విశాఖ పోర్టులో, ఓడల సరుకు ఎత్తి దించే వించి డ్రైవరు. డ్యూటీ లేనప్పుడు పద్యనాటకాలు. పోర్టు క్వార్టర్ల దగ్గర శ్రీరామనవమి పందిట్లో ఆయన కృష్ణుడి వేషం కడుతున్నారంటే, చుట్టుపక్కల వీధులవాళ్లు సాయంత్రమే చాపలు తెచ్చి చోటు పట్టుకునేవారు. ఒకసారి వించి తాడు తెగి కొట్టడంతో ఆయన ఎడమ కనుబొమ మధ్యలో తెగి, అక్కడ వెంట్రుకలు మళ్లీ మొలవలేదు. వేషం వేసేటప్పుడు కాటుకతో ఆ సందు పూడ్చమని అమ్మ చెప్పేది. ఆయన పూడ్చేవారు కాదు.

నాకు పదేళ్లు నిండకముందే ఆయన వేషాలు మానేశారు. కిరీటం, భుజకీర్తులు, స్టూడియోలో తీయించుకున్న ఫొటో, అన్నీ ఒకరోజు నీళ్లపొయ్యిలో పెట్టేశారు. ఆ నీళ్లతోనే మాకు తలంట్లు పోసిందట అమ్మ. ఎందుకు మానేశారని అడిగితే గొంతు పోయిందనేది. గొంతేమీ పోలేదు. రిటైరై సామర్లకోట వచ్చేశాక కూడా, పెరట్లో మొక్కలకు నీళ్లు పోస్తూ లోలోపల పాడుకునేవారు. నా అడుగు వినబడితే ఆపేసేవారు. పోయేముందు అమ్మ ఒక్క మాట చెప్పింది. ఒకప్పుడు నాన్న మొహంతో సినిమా బ్యాడ్జీ వచ్చిందని. అంతకు మించి చెప్పలేదు. కృష్ణుడి వేషంలో నాన్నగారి బొమ్మ ఈ లోకంలో మరెక్కడా లేదు. ఉంటే ఆ బ్యాడ్జీ మీదే ఉండాలి. దాన్ని ఒక్కసారి కళ్లతో చూడాలన్నదే నా యాత్ర. కాశీ ఎక్కడికీ పోదు.

పోయిన నెల విశాఖ వన్‌టౌన్‌లో పాత నాణేలూ బ్యాడ్జీలూ అమ్మే ఒకాయన ఫోన్లో మాట్లాడుతూ, అక్కడ బ్యాడ్జీలవాళ్లు "తప్పు బొమ్మ" అని ఒకదాన్ని గురించి చెప్పుకుంటారని అన్నాడు. కృష్ణుడి సినిమాది, బొమ్మ మాత్రం హీరోది కాదు. నేను ఆ రాత్రే సంచి సర్దుకున్నాను.

పొద్దున ఏడు దాటాక ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రిజర్వేషన్ లేదు. కార్తీకంలో వెళ్లేవాళ్లు మాత్రం చేయించుకోండి, తలుపు దగ్గర నిలబడి తుని దాకా వెళ్లడం నా వయసులో సుఖం కాదు. తునిలో చోటు దొరికింది. పక్కన కూర్చున్న కుర్రాడు స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు, దువ్వాడలో దిగుతాడు. నేను డబ్బా మూత తీసి బ్యాడ్జీలు సర్దుతుంటే తొంగిచూశాడు.

"ఇప్పుడెవలు పెడతన్నారాంటీ ఇవి. మా హీరో సినిమా వత్తే ఫోన్లో డీపీ మార్చేత్తాం, అంతే. గుచ్చుకోదు కూడా."

గుచ్చుకోదన్న మాట నిజమే. ఇప్పటి భక్తి కూడా చాలావరకు అంతే అనుకున్నాను గానీ, పైకి అనలేదు. దువ్వాడ దగ్గర చిమ్నీలు కనబడగానే అతను లేచాడు. నేను డబ్బాలో తేమ పీల్చే చిన్న పొట్లాలు ఇంకో రెండు వేసి మూత బిగించాను. మీలో ఎవరికైనా ఈ బ్యాడ్జీల అలవాటు ఉంటే చెబుతున్నాను, విశాఖ గాలిలో ఉప్పుంటుంది. తడి గుడ్డతో తుడవకండి. నీటి చుక్క పొర కిందికి దిగిందంటే రేకు లోపల్నుంచి తినేస్తుంది. బొమ్మ పోయాక ఏం చేసినా తిరిగిరాదు.

పది దాటాక విశాఖలో దిగి, ఆటోలో పూర్ణా మార్కెట్ మీదుగా ఆ కొట్టుకు వెళ్లాను. కొట్టు అంటే మెట్ల కింది సందు, అందులో అద్దాల బల్ల. బల్ల కింద నాలుగు వరసల బ్యాడ్జీలు. చూడగానే నాకు కడుపు మండింది. సగానికి పైగా నకిలీలు. కొత్తగా అచ్చువేసిన కాగితాన్ని టీ డికాక్షన్లో ముంచి, రేకును ఉప్పునీళ్లలో నానబెట్టి పాతవిగా చేస్తారు. వాటిలో రాముడున్నాడు, కృష్ణుడున్నాడు. దేవుడికి దొంగ వయసు పెట్టి అమ్ముతున్నావా అని అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. మీరు వెతికేది ఎవరి బొమ్మ అని అడిగాడు. మా నాన్నగారిది అని చెప్పాను.

"ఫొటో ఉంటే తెండమ్మా. ఎల్లుండికి యాభై ఏళ్ల బ్యాడ్జీ సేసి ఇచ్చేత్తాను. తుప్పు కూడా నానే పెడతాను."

"ఫొటో ఉంటే నీ దగ్గరికి ఎందుకొస్తానయ్యా" అన్నాను.

అతను కాస్త మెత్తబడి, పెందుర్తిలో అప్పలనాయుడు అనే ఆయన ఫోన్ నంబరు ఇచ్చాడు. ఆ సినిమా రోజుల్లో ఇక్కడి అభిమాన సంఘానికి ఆయనే ప్రెసిడెంటు. తప్పు బొమ్మ సంగతి అంతా ఆయనకే తెలుసట. ఒక హెచ్చరిక కూడా చేశాడు. నాయుడుగారు ఊరికే ఏదీ చెప్పరు, మార్పిడికి ఏదైనా పట్టుకెళ్లమన్నాడు. బ్యాడ్జీలవాళ్లలో అది పద్ధతే. నేను తెలిసే రెండు మూడు మంచివి తెచ్చుకున్నాను.

ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఉల్లిపాయ లేని భోజనం కోసం మూడు మెస్సులు తిరిగి, చివరికి బస్టాండు బెంచీ మీద ఇంటినుంచి తెచ్చిన పెరుగన్నం తిన్నాను. పెందుర్తి బస్సు ఒంటిగంటకు దొరికింది. ఎన్‌ఏడీ కూడలి దగ్గర ఆగిపోయిన బస్సు ఎంతసేపటికీ కదలదు, నీళ్లు దగ్గర ఉంచుకోండి. పక్క సీటామె పెళ్లి పిలుపులకు వెళ్లొస్తోంది. గోపాలపట్నం దాకా నాకు తన వియ్యపురాలి లోపాలన్నీ చెప్పింది. దిగేటప్పుడు, "మీరు మంచోరమ్మా, ఒక్క మాటా అడ్డం రానేదు" అంది.

నాయుడుగారి ఇల్లు పెందుర్తిలో కొత్త కాలనీ చివర. డెబ్బై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా. హాల్లోనే పూజామందిరం ఉంది. వెంకటేశ్వరస్వామి పటానికి ఎంత బంతిపూల దండ వేశారో, పక్కనున్న ఆ సినిమా హీరో పటానికీ అంతే దండ వేశారు. దీపం రెండింటికీ మధ్యలో ఉంది. నేను స్వామికే దండం పెట్టాను. ఆయన గమనించినట్టున్నాడు, "ఇద్దరికీ కలిపి పెట్టుకున్నా పరవాలేదమ్మా, మనోడేమీ అనుకోడు" అని నవ్వాడు. అప్పటికే ఆయన పాత స్నేహితుడొకాయన అక్కడ కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ బావా బావా అనుకుంటూ మాట్లాడుకుంటున్నారు.

ముందు నా డబ్బా చూస్తానన్నాడు. చూశాడు. తన హీరో బ్యాడ్జీ ఒకదాని దగ్గర వేలు ఆగింది. అది అదే సినిమాది, విడుదలైన కొన్నాళ్లకు మద్రాసు నుంచి వచ్చిన అసలు బొమ్మ, హీరో కృష్ణుడిగా ఉన్నది. నా దగ్గరున్న వాటిలో ఒక్క మచ్చ కూడా లేనిది అదే. అది ఇస్తే తప్పు బొమ్మ ఎక్కడుందో చెబుతానన్నాడు. ఇచ్చాను. రెండు చేతులా తీసుకుని కళ్లకద్దుకున్నాడు.

ఇక కథ చెప్పాడు. ఆయన చెబుతుంటే స్నేహితుడు మధ్యమధ్య అందించాడు. సినిమా విడుదల రోజు పొద్దుటి ఆటకు సంఘం వాళ్లందరి చొక్కాలమీదా బ్యాడ్జీలు ఉండాలి. మద్రాసు నుంచి రావలసిన ఫొటోల పార్సిలు రాలేదు.

"పోర్టు కాడ స్టూడియో అద్దాల్లో ఎవుడో కిష్ణుడి యేసం ఫొటో ఉంటే, ప్రెస్సోడు అడిగి తెచ్చి అదే గుద్దీసేడు. కిరీటం ఉంది, నెమిలీక ఉంది. అంత బిళ్లలో మొకం ఎవుడు సూత్తాడనుకున్నాడు" అన్నాడు నాయుడుగారు.

"నాను సూసేను కదా బావా ముందు" అన్నాడు స్నేహితుడు. "ఇదేటి, మన హీరోకి కనుబొమ తెగిపోనాదేటి అన్నాను. గేపకం నేదా?"

ఇద్దరూ నవ్వారు.  కనుబొమ అని విన్నాక ఇంకా సందేహం ఏముంది. నేను ఎవరి కూతురినో అప్పుడే చెప్పవలసింది. కానీ బ్యాడ్జీ ఉన్నచోటి అడ్రసు ఇంకా చేతికి రాలేదు. 

పోటీ హీరో అభిమానులు ఆ పూటంతా వీళ్లను వెక్కిరించారట. మీ దేవుడికి కనుబొమ లేదురా అని హాలు ముందు కేకలు. వీళ్లు ఆ అవమానం ఎవరిమీద తీర్చుకోవాలో వెతికారు. ప్రెస్సువాడు కొట్టు మూసి పారిపోయాడు. ఫొటోలో మనిషి పోర్టులో వించి డ్రైవరని స్టూడియోవాడు చెప్పాడు.

"షిఫ్టు దిగే యేళకి గేటు కాడ కాసేం" అన్నాడు నాయుడుగారు. "ఆడికసలు సంగతే తెల్దు పాపం. బ్యాడ్జీలన్నీ ఆడి సొక్కాకి ముందూ ఎనకా పెట్టీసేం. ఊపిరాడకుండా పెట్టీసేం. కిష్ణుడివి కదా, పద్యం పాడరా అన్నాం."

"పాడారా?" అని అడిగాను. 

"పాడేడమ్మా. సేతులు జోడించి మరీ పాడేడు. గేటు కాడ కూలోళ్లందరూ ఆగిపోనారు. బాగానే పాడేడు, అబద్ధం ఆడకూడదు."

"మజ్జిలో ఒక పిన్నీసు ఊడి గుచ్చుకున్నట్టుంది, సొక్కా మీద నెత్తురు సుక్కొచ్చింది" అన్నాడు స్నేహితుడు. "ఐనా ఆపనేదు."

నాయుడుగారి కోడలు కాఫీ తెచ్చింది. కార్తీకంలో బయట కాఫీ తాగనని చెప్పాను. ఆ అబద్ధానికి నాకు పాపం అంటదనుకుంటాను.

తర్వాతిది చిన్న కథ. చొక్కాకు పెట్టిన బ్యాడ్జీలన్నీ మళ్లీ పీకి రేవులో పారేశారు. ఇంట్లో మిగిలిన గుప్పెడు బ్యాడ్జీలను నాయుడుగారు వాకిటి కాలవలో పారబోస్తుంటే, పద్మనాభం నుంచి వచ్చి ఉన్న ఆయన మేనత్త సన్యాసమ్మ చూసింది. "సామిని కాలవలో పారేత్తావేట్రా సచ్చినోడా" అని తిట్టి, ఒకటి ఏరి చెంగున ముడేసుకుని తనతో తీసుకుపోయింది. ఆమె ఇంకా ఉంది. తొంభైకి దగ్గర. బ్యాడ్జీ దేవుడి అరలో పెట్టుకుందని విన్నాడే గానీ, ఆయన దాన్ని మళ్లీ చూడలేదు. పద్మనాభంలో ఎవరినడిగినా ఇల్లు చెబుతారన్నాడు. గేటు దాకా వచ్చి సాగనంపాడు. మర్యాదస్తుడే. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

ఆ రాత్రి సింహాచలం కొండ కింద ఒక సత్రంలో పడుకున్నాను. గది శుభ్రంగా ఉంది, ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లినా ఇస్తారు, ఆధార్ కార్డు ఉంచుకోండి. తెల్లవారుజామున కొండమీదికి మొదటి బస్సులోనే వెళ్లాను. చన్నీళ్ల స్నానం చేసిన జనం, చలికి ముడుచుకున్న పిల్లలు. ఆ స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు. మొహం, చేతులు, ఏవీ కనబడవు. ఒక్కరోజు మాత్రం చందనం తీసి నిజరూపం చూపిస్తారు. ఎన్నిసార్లో దర్శనం చేసుకున్నాను, ఎప్పుడూ ఇది నాకు లోటుగా తోచలేదు. ఆ రోజు మాత్రం గర్భగుడి ముందు నిలబడి స్వామితో తగువు పెట్టుకున్నాను. నీకైనా ఏడాదికి ఒక రోజుంది అన్నాను. వెనకనున్నామె నడవండమ్మా అని తోసింది. నడిచాను.

కొండ దిగి ఆనందపురం కూడలి దాకా బస్సు, అక్కణ్ణించి పద్మనాభానికి షేరు ఆటో. ఆటో నిండితేగానీ కదలదు. పొద్దున్నే పట్నానికి కూరలు తీసుకెళ్లి అమ్ముకుని ఖాళీ గంపలతో తిరిగొస్తున్న ఆడవాళ్లు ఎక్కారు. వరి కోతకొచ్చిన చేల మధ్య రోడ్డు బాగానే ఉంది. సన్యాసమ్మ ఇల్లు అడిగితే ఒకామె వెంటనే అంది:

"బిళ్లకిష్ణుడి మామ్మా? మా సంటోడికి జొరమొత్తే ఆ తీర్తమే పోత్తాను. మీకేటి ఒంట్లో బాగునేదా?"

తీర్థం అన్న మాట విని నా మనసు కీడు శంకించింది. తీర్థం అంటే నీళ్లు.

ఇల్లు పెంకుటిల్లు, పక్కన కొడుకు కట్టుకున్న కొత్త డాబా. సన్యాసమ్మ అరుగుమీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నాయుడుగారి పేరు చెప్పగానే "ఆ సచ్చినోడు పంపినాడా" అని నవ్వి, లోపలికి రమ్మంది. కాళ్లు కడుక్కున్నాను. వంటింటి గోడలో ఒక గూడు, అందులో ఇత్తడి పళ్లెం, పళ్లెంలో చిన్న పీట, పీటమీద బ్యాడ్జీ.

అది గోధుమరంగు బిళ్ల. ప్లాస్టిక్ పొర ఎప్పుడో ఊడిపోయింది. కాగితం లేదు. యాభై ఏళ్ల పసుపు, కుంకుమ, గంధం పొరలుగా పట్టి, వాటికిందనుంచి రేకు తుప్పై పైకి పొంగింది. అంచున ఒకచోట, పిన్నీసు మలుపు దగ్గర, గోరంత నీలం మిగిలింది. అది నెమలిపింఛమో, ఏమో. మిగతా అంతా తుప్పు.

రోజూ నీళ్లు పోస్తావా మామ్మా అని అడిగాను. అడగక్కర్లేదు, అయినా అడిగాను.

"రోజూ తానం సేయించకుండా సామిని ఎలాగుంచుతానమ్మీ" అంది. ఏకాదశికి పాలు కూడా పోస్తుందట. వేళ్లతో రుద్ది, తుడిచి, బొట్టు పెడుతుంది. ఒక్కరోజు తప్పలేదు. కోడలు పురిటికి వెళ్లినా, తుఫాను వచ్చి ఇల్లు కురిసినా తప్పలేదు.

అభిమానులు తమ హీరో కాదని రేవులో పారేశారు. వాటి గతి చేపలకు తెలియాలి. దేవుడని ఏరుకున్న ఒక్కమనిషి, దేవుడికి చేయవలసినవన్నీ చేసింది. ఆమె చేసింది శాస్త్రం చెప్పిన సేవే. ఆ సేవ విధానం గురించి నేనే మా మండలిలో చదివి వినిపిస్తాను. తప్పని ఏ నోటితో అనగలను.

ఒకసారి చేతిలోకి తీసుకోనా అని అడిగాను.

"ముట్టుకోకమ్మీ. బస్సెక్కి ఆటో ఎక్కి వచ్చినావు, దార్లో ఏటి తొక్కినావో. నాను తప్ప మా కోడలు కూడా ముట్టదు."

మా ఇంటి పూజగదిలోనూ అదే పద్ధతి. దారినుంచి వచ్చినవాళ్లను నేనూ గడప అవతలే ఆపుతాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఫోన్తో ఒక ఫొటో తీశాను. అందులో కూడా గుండ్రటి మట్టిముద్దే పడింది.

చివరికి ఒకటే మిగిలింది. బొమ్మ పోయినా, చూసిన కళ్లు ఉన్నాయి కదా. పక్కన కూర్చుని, మొదట్లో మొహం ఎలా ఉండేదో చెప్పమన్నాను. ఎడమ కనుబొమలో చిన్న తెగినచోటు ఉండేదా, గుర్తుందా అన్నాను. 

సన్యాసమ్మ నన్ను వింతగా చూసింది.

"సామికి కనుబొమ తెగడం ఏటమ్మీ. ఎంత నున్నగుంటాదో ఆ మొకం. నువ్వు సినిమా సూణ్ణేదేటి?" అంది. గోడమీదున్న కేలండరు చూపించింది. అందులో ఆ హీరో, కృష్ణుడి వేషంలో నవ్వుతున్నాడు. "ఇదిగో, అచ్చం ఇలగే. పండగెప్పుడొచ్చినా టీవీలో ఏత్తారు కదా. నాను సూత్తానే ఉంటాను."

నేను ఆ కేలండరు వంకా, పళ్లెం వంకా చూశాను.  ఆమె కళ్లు మసకలేమీ కాదు, చిక్కుడు నారలు చక్కగా తీస్తోంది. మా నాన్నగారు ఆమె కళ్లలోంచి కూడా ఎప్పుడో వెళ్లిపోయారు, అంతే.

ఆమె నా వాలకం చూసి ఏదో కష్టంలో ఉన్నాననుకుంది. లేచి చేతులు కడుక్కుని, చెంబుతో నీళ్లు తెచ్చింది. పొద్దుట ఒకసారి అయిపోయినా నా కోసం మళ్లీ అభిషేకం చేస్తానంది. వద్దు, నీళ్లు పోయవద్దు మామ్మా అనబోయాను. ఏమని చెప్పను. ఆమె గోవింద నామాలు చదువుతూ సన్నటి ధారగా పోసింది. బిళ్ల మీద పడ్డ నీళ్లు పళ్లెంలోకి జారి ఎర్రబారాయి. తులసాకు వేసి, ఉద్ధరిణితో నా చేతిలో పోసింది.

మూడుసార్లు పుచ్చుకున్నాను. చెయ్యి తలకు రాసుకున్నాను.

సాయంత్రం రైలుకు అందుకోవాలని వెంటనే బయల్దేరాను. పద్మనాభం వచ్చినవాళ్లు కొండెక్కి అనంతపద్మనాభుణ్ణి చూడకుండా పోకూడదంటారు. నేను కొండకు కిందనుంచే దండం పెట్టాను. ఆ రోజుకు నా దర్శనాలు అయిపోయాయి. ఆనందపురం నుంచి కాంప్లెక్సుకు బస్సులు చాలా ఉన్నాయి. స్టేషన్లో అరటిపళ్లు కొనుక్కుని రైలెక్కాను. ఈసారి కిటికీ సీటు దొరికింది.

అనకాపల్లి దాటుతుంటే నాయుడుగారి ఫోన్ వచ్చింది. బ్యాడ్జీ కనబడిందా అని అడిగాడు. కనబడిందని చెప్పాను. ఈ మాట కూడా చెప్పాను: "ఆ వించి డ్రైవరు మా నాన్నగారండి."

కిటికీ వైపు తిరిగి ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను. 

"అయ్యయ్యో" అన్నాడు. "ముందే సెప్పుండొచ్చు కదమ్మా. తెలిత్తే ఆ కత మీకు సెప్పకపోదును."

చేయకపోదును అంటాడేమోనని ఒక్క క్షణం చూశాను. అనలేదు. మీరు చెప్పబట్టే నాకు తెలిసిందని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆయనమీద కోపం వస్తే బాగుండేది. నాన్నగారు గేటు దగ్గర ఏ పద్యం పాడారో అడగలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మళ్లీ ఫోన్ చేసి అడగడానికి మనసొప్పలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు చెప్పవలసినవి అన్నీ పైనే చెప్పాను. బ్యాడ్జీల కోసమైతే వన్‌టౌన్ కొట్లో కళ్లు తెరుచుకుని కొనండి. పద్మనాభం వెళ్తే సన్యాసమ్మ ఇంట్లో తీర్థం ఇస్తారు, పుచ్చుకోండి. తుప్పు కడిగిన నీళ్లని ఆమెతో అనకండి.

తుని దాటాక సాయంత్రపు జపానికి కళ్లు మూసుకున్నాను. రోజూ మూసుకునేదాన్నే. కృష్ణుడు వచ్చాడు. వచ్చిన మొహం ఆ హీరోది. మండలి పెద్దాయన చెప్పిన మాట ఇన్నేళ్లు అప్పజెప్పుకుంటూ కూడా, నేను దండం పెడుతూ వచ్చింది ఈ మొహానికే. కనుబొమ మధ్య ఒక సందు పెట్టాలని చూశాను. నిలబడలేదు. నున్నటి మొహం మళ్లీ మళ్లీ వచ్చి నవ్వింది.

నోట్లో మాత్రం ఆ తీర్థం తాలూకు ఇనుము రుచి ఇంకా ఉంది. దాహం వేసి సీసా మూత తీశాను. మళ్లీ బిగించి సంచిలో పెట్టేశాను. సామర్లకోటలో దిగి ఇంటికి చేరేదాకా నీళ్లు తాగలేదు.